చూడని గడి తెల్లగా ఉండాలె

నా దస్తూరి బాగుండదు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఊళ్ళో ఐదో తరగతితో బడి మానినవాణ్ణి, తప్పులుంటే దిద్దుకొని చదవండి. మా సర్వే సారు పోయిన నెల దవాఖానలో కన్నుమూశారు. గోదావరిఖని కాలనీలో చాలామందికి ఈ కబురు అందే ఉంటుంది. రాయవలసింది ఒకటుంది, అందుకే పత్రికకు ఈ ఉత్తరం పంపుతున్నాను.

ఆయన గనిలో సర్వేయరు. నేను టేపు కొస పట్టుకొని ముందు నడిచే మనిషిని. నేను గోడ తాకి కేక వేస్తే ఆయన కొలత రాసుకునేవారు. రాసే ముందు ప్రతిసారీ ఒకటే అడిగేవారు.

"చూసినవా, అనుకున్నవా?"

ఒక్కసారి అబద్ధం చెప్పాను. పాత సొరంగం, మోకాటి లోతు నీళ్ళు, లోపలికి పోవడానికి భయమేసింది. దూరం నుంచే "గోడ అచ్చింది సార్, చూసిన" అన్నాను. ఆయన అక్కడ గీత గీసి పటం మూశారు. గోడ ఇంకా చాలా లోపల ఉంది. కొన్నాళ్ళకు ఆ పటం నమ్మి పక్క నుంచి తవ్వుతుంటే ఆ నీళ్ళు ఒక్కసారిగా షిఫ్టులో ఉన్నవాళ్ళ మీదికి వచ్చాయి. అందరూ బయటపడ్డారు, ఒకతని కాలు విరిగింది. "గీత గీసింది నేను" అన్నారు సారు పెద్దల ముందు. నా పేరు ఎత్తలేదు. ఆయన ప్రమోషను ఆగిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన రిటైరయ్యాక బిడ్డ హైదరాబాదు నుంచి ఒక ఆట నేర్చుకొని వచ్చింది. బల్ల చుట్టూ కూర్చొని, లేని దేశంలో తిరిగే ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక వేషం కట్టుకొని ఏం చేస్తారో చెప్తారు. అది అవుతుందో లేదో పాచిక తేలుస్తుంది. బిడ్డ అత్తగారింటికి పోయింది, ఆట సారుకు అంటుకుంది. ఆ దేశానికి పటం మొదలుపెట్టారు. బల్లంత కాగితం నిండా తేనెతుట్టె మాదిరి ఆరు మూలల గళ్ళు.

నాలుగు మూలల గళ్ళు చాలవా అని అడిగాను.

"దాంట్ల మూల మీదికెళ్ళి పోతే దూరం పెరుగుతది. గిండ్ల ఎటు పోయినా పక్క గడి ఒకటే దూరం," అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన క్వార్టరు వరండాలో నలుగురం చేరేవాళ్ళం. సారు, నేను, ఒక ఫిట్టరు, చర్చి నుంచి నేరుగా వచ్చే దవాఖాన సిస్టరమ్మ. ఏ గడిలో ఏముందో సారుకూ తెలియదు. మేము అడుగు పెట్టాకే పాచిక వేసి, పడ్డ అంకెను బట్టి వాగో గుట్టో తేల్చి, అప్పుడు పెన్సిలు పట్టేవారు. మేమూ మా నోటుబుక్కుల్లో రాసుకునేవాళ్ళం. అడుగు పెట్టని గడి తెల్లగా ఉండాలి. అది ఆయన పెట్టిన కట్టుబాటు.

"ముంగట బురద. ఏం జేస్తరు?"

"నేను సీద పోత," అనేవాడు ఫిట్టరు. ఎప్పుడూ అదే మాట. పాచిక మీద ఒకటి పడేది.

"దిగవడ్డవ్ బిడ్డా."

"డ్యూటీల కాళ్ళకే పట్టీలు కట్టాలె, ఈడ గూడ నీ కాలేనా అన్నా?" అని సిస్టరమ్మ నవ్వేది.

నాకు దారి చూసేవాడి వేషం ఇచ్చారు. నాకొద్దు సార్ అన్నాను.

"నువ్వే నడువాలె ముంగట. ఇంకెవలు నడుస్తరు?"

అబద్ధమాడినవాడికే మళ్ళీ దారి అప్పజెప్పారు. నేను తల వంచుకొని పాచిక అందుకున్నాను.

తర్వాత ఫిట్టరుకు కొత్తగూడెం బదిలీ అయింది. సిస్టరమ్మ పెద్దపల్లి వెళ్ళిపోయింది. పటంలో సగం తెల్లగానే మిగిలింది.

సంతాప సభ నాడు క్లబ్బులో ఆ పటానికి అద్దం కట్టించి గోడకు పెట్టారు. చూడగానే నా ఒళ్ళు మండింది. తెల్ల గడి ఒక్కటీ లేదు. రంగు సిరాతో కోటలు, చెరువులు, పూలతోటలు. పాత పెన్సిలు గీతల మీద కూడా రంగు పూశారు. మేము నడిచిన గడి ఏదో, నడవనిది ఏదో తెలియడం లేదు.

"ఇవి ఎవలు గీసిన్రు?" అని క్లబ్బు సెక్రెటరీని అడిగాను.

"నేనే గీయించిన కాకా. సగం ఖాళీగ ఉంటే సారు ఇజ్జత్ పోతది గదా. రాష్ట్రం అచ్చిన సంబురంల ఆ మూలకు ఓ కోట గూడ పెట్టిచ్చిన, సూడు!"

"ఆడికి ఎవలు పోయిన్రు?"

"ఏంది కాకా, ఉత్త ఆటనాయె! లేని ఊరికి ఎవలు పోతరు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సారు గురించి రెండు మాటలు చెప్పమని నా చేతికి మైకు ఇచ్చారు. మైకు పక్కవాడికిచ్చి కూర్చున్నాను.

గౌరవమట! ఆయన బతుకంతా వద్దన్న పనే చేసి, దానికి దండ వేశారు. ఆ సెక్రెటరీ మీద కోపం ఆరలేదు, ఆరదు. కానీ అతను చూడకుండా గీయించాడు. చూడకుండా చూశానన్నది నేను. ఇన్నేళ్ళూ చెప్పలేదు, మైకు చేతిలో ఉన్నప్పుడూ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు నీళ్ళు రావడంలో తప్పు సారుది కాదు, నాది.

ఫిట్టరు తమ్మీ, సిస్టరమ్మా, ఇది మీ కంటపడితే ఆనాటి నోటుబుక్కులు వెతకండి. మనం ఏ గడిలో ఏం చూశామో రాసి పంపండి. గుర్తు లేనిది గుర్తు లేదనే రాయండి. అందం కోసం ఏదీ కలపకండి. కొత్త కాగితం మీద ఆరు మూలల గళ్ళు గీశాను, గీతలు వంకరపోయాయి. నాకు గట్టిగా గుర్తున్నవి పదకొండు గళ్ళు, అవే నింపాను. గాలికి లేవకుండా నడుమ సారు ఇత్తడి గుండు పెట్టాను, గనిలో దారానికి వేలాడదీసేది, ఆయన బిడ్డ నాకిచ్చింది. దాని చుట్టూ ఇంకా అంతా తెలుపే. జల్ది జవాబు రాయండి.