మిషన్‌లో బుద్రమ్మ ఊపిరి

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే నాకు ముందు వాళ్ల బీపీ చూడాలనిపిస్తుంది. నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. మార్చురీ పక్క గదిలో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకున్న మనిషిని. అలాంటి నేను ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవర్నీ బతిమాలను, జరిగింది జరిగినట్టు చెబుతాను.

విశాఖ వైపు అనంతగిరి కొండల్లో, కట్టెల పొగకి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకు ఒక కొత్త ఇన్‌హేలర్ ఇచ్చి చూసే ట్రయల్ జరిగింది. అందులో నేను ఫీల్డ్ నర్సుని. పాత మందులు అందరికీ మామూలుగానే ఇస్తాం. వాటితో పాటు కొందరికి కొత్త మందు, కొందరికి మందు లేని ఉత్త ఇన్‌హేలర్. ఎవరికి ఏది వెళ్లిందో వాళ్లకీ తెలియదు, నాకూ తెలియదు. ట్రయల్ పద్ధతే అంత.

బుద్రమ్మ జీవితమంతా పొయ్యి ముందు గడిపిన ముసలామె. మొదట ఒప్పుకోలేదు. నేను వాళ్ల అరుగు మీద కూర్చుని అంతా విడమరిచి చెప్పాక, "నువ్వుంటావు గదా గుంటా, అయితే సరే" అంది, కూతురిని పిలిచినట్టు. ఆ మాట నా మెడకు చుట్టుకుంది. వానలు మొదలయ్యాక ఆమె ఆయాసం పెరిగింది. ఆమెకు వెళ్లింది ఉత్తదేమోనని నాకు ఒకటే గుబులు. డాక్టరుగారికి చెబితే, వచ్చే క్యాంపులో పరీక్ష చూసి ట్రయల్లోంచి తీసేయాలో వద్దో చెబుతానన్నారు.

పరీక్ష అంటే ఊపిరి కొలిచే మిషన్. నిండా గాలి పీల్చి, గొట్టంలోకి ఒక్కసారిగా బలంగా ఊది, చివరిదాకా ఆపకుండా వదలాలి. ల్యాప్‌టాప్ తెర మీద గీత నిటారుగా లేచి మెల్లగా దిగాలి. ఊదేవాళ్ల పక్కన నిలబడి "ఇంకా, ఇంకా, ఇంకా" అని అరవడం మా డ్యూటీ. నేను నిద్రలో కూడా అదే మాట కలవరిస్తానని మా ఆయన వెక్కిరిస్తాడు.

ఆ కొండల్లో ఆడవాళ్లందరిదీ ఒకటే తప్పు. నోట్లో గొట్టం పెడితే చాలు, ఊదుగొట్టంతో పొయ్యి రాజేసినట్టు నెమ్మదిగా, సన్నగా, పొడుగ్గా ఊదుతారు. మిషన్ ఒప్పుకోదు. బుద్రమ్మ మరీ మొండి. ఆమె ఊదితే గీత పొలం గట్టులా కొంచెమే లేచి, దగ్గు అడ్డొచ్చినచోట తడబడి, మళ్లీ సాగేది. వేగంగా, బలంగా ఊదమంటే, "బేగి ఊదితే నిప్పు ఆరిపోద్ది. ఏటి గుంటా, నీకు తెల్దా?" అని నవ్వేది.

ఆ నెల క్యాంపు సరిగ్గా సంత రోజున పెట్టారు సిటీ ఆఫీసువాళ్లు. సంత రోజు ఊళ్లలో మనుషులుండరని చెప్పాను, వినలేదు. స్కూలు గదిలో మిషన్ సర్దుకుని కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. బుద్రమ్మ కూడా రాలేదు. సంతకి వెళ్లి ఉంటుందిలే అనుకున్నాను గానీ, ఆ ఆయాసంతో ఆమె సంత దాకా నడిచే స్థితిలో లేదని నాకు తెలుసు.

బయట వాన. కిటికీలు మూసి ఉన్నాయి. కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. మిషన్ గొట్టం బల్ల మీద, నా చేతికి అందనంత దూరంలో ఉంది. డ్రైవర్ అప్పలరాజు జీపులో పడుకున్నాడు.

తెర మీద గీత కదిలింది.

గాలి తగిలితే ఆ గీత వణుకుతుంది, చాలాసార్లు చూశాను. ఇది వణకలేదు. కొంచెం లేచింది, తడబడింది, మళ్లీ సాగింది. ఆగి, మళ్లీ మొదలైంది. ఈసారి ఇంకా సన్నగా. ఆ ఊదే తీరు బుద్రమ్మది. గీత పడిపోబోతుంటే అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది, "ఇంకా... ఇంకా... ఆపకు, ఇంకా." ఖాళీ గదిలో, ఎవరూ పట్టుకోని గొట్టంతో అన్నాను ఆ మాట. గీత నిలబడింది.

జీపు దగ్గరికి పరిగెత్తాను. "ఏటైంది మేడమ్?" అన్నాడు అప్పలరాజు. ఏమని చెప్పను? బుద్రమ్మ ఇంటికి పోనివ్వమన్నాను.

వాగు దగ్గర జీపు ఆపేసి, నీళ్లలోంచి దాటి కొండెక్కాం. ఊరంతా సంతకి పోయింది. బుద్రమ్మ ఇంటి నిండా పచ్చికట్టెల పొగ. ఆమె పొయ్యి ముందు గోడకు ఒరిగి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. నోట్లో ఊదుగొట్టం. పొయ్యిలో మంట ఎప్పుడో ఆరిపోయింది, ఆమె మాత్రం ఊదుతూనే ఉంది.

ఇద్దరం మోసుకుని దించాం. జీపులో ఆక్సిజన్ పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం. దక్కింది. గబగబా ఊపిరి తీసి ఉంటే అప్పుడే అలిసిపోయేదని, గొట్టంలోంచి అలా సన్నగా వదలబట్టే అంతసేపు నిలిచిందని డాక్టరుగారు అన్నారు. ఆమెను ట్రయల్లోంచి తీసేశారు. ఆమెకు ఏ ఇన్‌హేలర్ వెళ్లిందో నాకు నేటికీ తెలియదు.

మాట్లాడే ఓపిక రాగానే బుద్రమ్మ నన్ను తిట్టింది. "నాను అలిసిపోనాను. ఇంక సాల్లే అనుకున్నాను. నువ్వు పక్కన కూకొని ఇంకా ఇంకా అని ఒకటే గోల. మానేద్దారంటే మాననిచ్చావు కావు."

ఆ గదిలో నేనన్న మాట అప్పటికి ఎవరికీ చెప్పలేదు. పాత క్యాంపుల్లో విన్నదే ఆ అవస్థలో చెవిలో మోగిందేమో. సరే, ఒప్పుకుంటాను. మరి గీత సంగతేమిటి? పేషెంటు పేరు పెట్టకపోతే మిషన్ ఏదీ దాచుకోదు, కాబట్టి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. కంపెనీ ఇంజినీరు వచ్చి విప్పి చూసి, లోపమేమీ లేదన్నాడు. నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

ట్రయల్ ముగిసింది. మిషన్‌ని పెట్టెలో పెట్టి పట్టుకుపోయారు. బుద్రమ్మ ఇంకా ఆ కొండ మీదే ఉంది, ఆ పొయ్యి ముందే. నేనిప్పుడు విశాఖలో ఒక వార్డులో పనిచేస్తున్నాను. మళ్లీ ఆమెకు ఊపిరాడకపోతే నాకు తెలిపే గీత ఇక్కడ లేదు. అందుకే వాన పట్టిన రోజున, పని చేసుకుంటూనే, "ఇంకా... ఇంకా..." అని గొణుగుతుంటాను. తోటి సిస్టర్లు నవ్వుతారు. ఆమెకు వినిపిస్తుందో లేదో తెలియదు. ఆపడానికి మాత్రం నాకు భయం.