డప్పు మోగని ఊరు

బారికి గాసి భుజాన డప్పు వేలాడని రోజు లేదు. సర్కారు కబురేదైనా కొండ ఊళ్లలో దండోరా వేసేది అతనే. నడిచేటప్పుడు కూడా అతని ఎడమ చెయ్యి డప్పు చర్మాన్ని నిమురుతూనే ఉంటుంది. ఊరి మొదట్లో దరువు వేస్తే పోడు చేలల్లోని వాళ్లు సైతం పరుగున రావాలి. ఎవరైనా రాకపోతే అది తన చేతి లోపమని నొచ్చుకుంటాడు. సర్కారు మీద లేచిన ఫితూరీ అణిగిన మరుసటేడు దగ్గుజ్వరం వచ్చింది. గుంపులు కూడవద్దు, ఒకరి చుట్ట ఒకరు కాల్చవద్దు అని చాటమన్నారు కచేరీవారు. గాసి చాటాడు. ఎప్పటిలాగే జనం అతని చుట్టూ ఒకరినొకరు ఆనుకుని కూర్చుని విన్నారు. మంచి కబురు తెచ్చావంటూ ఒకాయన తన నోట్లోని చుట్ట అందిస్తే, గాసి రెండు దమ్ములు లాగాడు కూడా.

కూతురినిచ్చిన ఊరు చేరేసరికి అతనికే దగ్గు మొదలైంది. మొదటి ఇంటి అరుగు మీద కూతురు చంటిగుంటను ఒళ్లో వేసుకుని కనిపించింది. దరువు వింటే ముందుగా పరిగెత్తుకొచ్చి పక్కన కూర్చునేది ఆమే. ఎత్తిన పుల్ల గాసి చేతిలోనే ఆగిపోయింది. ప్రతి ఇంటికీ ఎడంగా నిలబడి, డప్పు లేకుండానే కబురు చెప్పుకొచ్చాడు.

వియ్యంకుడు బొంజు గుమ్మంలోంచి అడిగాడు. "డప్పు కొట్టవేటి బావా? ఇది సర్కారు మాట కాదేటి?"

"కాదు బావా. నా మాటే."

"అలగైతే సేత్తాం," అని బొంజు తలుపు వేసుకున్నాడు.

తిరుగుదారిలో ఊరు కనుమరుగయ్యాక, దరువు వేశావా అని కచేరీలో అడిగితే అబద్ధమాడకూడదని, గాసి చెట్ల మధ్య నిలబడి ఒక్క దరువు వేశాడు.