పెరిగితే మామయ్య

మా మేనమామకు ఒకటే జబ్బు. ఎవరు ఏం కొన్నా, ఏం కన్నా, ఏం పెంచుకున్నా "పెరిగితే?" అని అడుగుతాడు. నాకు కొడుకు పుట్టాడని సంతోషంగా ఫోన్ చేశాను. "సరేరా, పెరిగితే?" అన్నాడు. "పెరగకపోతే ఆస్పత్రికి తీసుకెళ్తాం మామయ్యా" అని ఫోన్ పెట్టేశాను. మా నాన్న పొట్ట చూసి కూడా అదే ప్రశ్న: "బావగారూ, ఇది ఇంకా పెరిగితే?" ఆ తర్వాత నాన్న చాలాకాలం ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఇలాంటి నోరున్నవాడు ఏ శ్మశానంలోనో ఉద్యోగం చూసుకోవాలి. అక్కడ ఏదీ పెరగదు. మామయ్య మాత్రం ఇంటి ముందు గదిలో పెంపుడు చేపల షాపు పెట్టుకున్నాడు.

"ఆ బంగారు రంగు చేప ఇవ్వండి" అని ఎవరైనా అడిగారో, అయిపోయినట్టే.

"ఎందులో పెంచుతావమ్మా?"

"గాజు గిన్నెలో అండీ."

"పెరిగితే?"

"పెరిగినప్పుడు చూద్దాంలెండి."

"అయితే అప్పుడే కొందువుగాని, వెళ్లిరా."

ఆవిడ తిన్నగా పక్క షాపుకు వెళ్లేది. ఇల్లు గడిచింది అత్తయ్య కుట్టుమిషను మీద. మామయ్య చేసేదానికి మేమంతా మర్యాదకు వ్యాపారం అనేవాళ్లం.

పక్క షాపులో నవ్వుతూ అమ్మేవాళ్లు. ముఖ్యంగా ఎర్రతోక క్యాట్‌ఫిష్ పిల్లల్ని. వేలెడంత ఉంటుంది. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఎర్రటి తోక, మూతికి పొడుగాటి మీసాలు. చూడగానే ముద్దొస్తుంది. కానీ అది అమెజాన్ నదిలో బతికే జాతి. నిలబెడితే మనిషి ఛాతీ దాకా వస్తుంది. వరదలప్పుడు మునిగిన అడవిలోకి ఈదుకుంటూ పోయి, చెట్ల నుంచి రాలిన పళ్లు తింటుంది. ఇక్కడ టీవీ పక్కన తొట్టిలో ముందు తోటి చేపల్ని మింగుతుంది, తర్వాత అందానికి వేసిన గులకరాళ్లను మింగుతుంది. చివరికి వెనక్కి తిరిగే చోటు కూడా లేక, గాజుకు మూతి ఆనించి నిలబడిపోతుంది. అప్పుడు "కడుపా చెరువా?" అని తిట్లు తినేదీ అదే.

"ఇది మరీ పెద్దదవుతుందేమో?" అని ఎవరైనా జంకితే పక్క షాపాయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "భయమెందుకండీ? పక్కన పిచ్చాయన ఉన్నాడుగా, ఊరికే తీసుకుంటాడు."

నిజంగానే తీసుకునేవాడు. బట్టలు నానబెట్టే టబ్బులో చేపను వేసుకుని, పైన తడిగుడ్డ కప్పి, తల దించుకుని వచ్చేవాళ్లు. పుట్టిన బిడ్డను కూడా వదలని మామయ్య వీళ్లను మాత్రం పల్లెత్తు మాట అనేవాడు కాదు. టబ్బు అందుకుని లోపలికి నడిచేవాడు. అడగాల్సిన చోట నోరు పెగలదని నేను ఉడికిపోయేవాణ్ణి. ఇచ్చి వెళ్లినవాళ్లలో ఒక్కరూ మళ్లీ ఆ చేప బతికుందో లేదో చూడటానికి రాలేదు. మనుషుల మీద నాకు గౌరవం పోయింది అక్కడే.

"చెరువులో వదిలేయొచ్చుగా మామయ్యా?"

"చెరువులో ఉన్నవి ఏం పాపం చేశాయిరా? అన్నిటినీ మింగేస్తుంది."

అందుకని పడకగదిలో సిమెంటు తొట్టి కట్టించాడు. మిగిలిన కాస్త చోటులో అత్తయ్య మంచం. చేప తోక ఆడించినప్పుడల్లా దుప్పటి తడిసేది. తల ప్రాణం తోకకొచ్చి ఒకరోజు అత్తయ్య తేల్చి చెప్పింది: "ఇంకోటి వచ్చిందంటే నేను మా అక్క దగ్గరికి పోతా." ఇంకోటి గడప దాటదని మామయ్య ఒట్టేశాడు.

ఆ తర్వాత మెయిన్ రోడ్డులో పెద్ద షాపొకటి తెరిచారు. దాని దెబ్బకు పక్క షాపు మూతపడింది. ఉన్న చేపలన్నీ అమ్ముడుపోయాయి, ఒక్కటి తప్ప. జనాన్ని ఆకర్షించడానికి ఏళ్ల తరబడి షాపు ముందు భాగంలో పెట్టుకున్న ఎర్రతోక చేప. దాన్ని ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోలేదు. తాళాలు ఇచ్చేయాల్సిన రోజున పక్క షాపాయన దాన్ని టబ్బులో వేయించుకుని మామయ్య గుమ్మంలో నిలబడ్డాడు. తోక బయటికి వేలాడుతోంది.

వీధి వీధంతా చేరింది, ఇస్త్రీ ఆయనతో సహా. నేను ముందు వరసలోనే ఉన్నాను. ఈరోజైనా మామయ్య ఆ మాట అడగాలి, పక్క షాపాయన మొహం మాడిపోవాలి, నేను కళ్లారా చూడాలి.

మామయ్య చేపను చూశాడు. నోరు తెరిచాడు. మూసేశాడు.

పక్క షాపాయనే ఉండబట్టలేకపోయాడు. "అడిగేయండి సార్. ఒక్కసారి అడిగేస్తే నాకూ తేలికవుతుంది."

"ఏమడగాలి?"

"పెరిగితే అని."

మామయ్య తల అడ్డంగా ఊపాడు. "అది పెరగకముందు అడిగే మాటయ్యా. పెరిగాక అడిగితే తిట్టవుతుంది. ఇలా ఒకళ్ల గుమ్మంలో తల దించుకునే రోజు ఎవరికీ రాకూడదనే కదా, ముందే అడుగుతాను."

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ పిచ్చాయన అన్నవాడికా ఈ మర్యాద? మామయ్య మీద జాలి, ప్రేమ, కోపం అన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి.

కానీ ఒట్టు ఒట్టే. మామయ్య అత్తయ్య వైపు తిరిగాడు. అత్తయ్య చాలాసేపు టబ్బులోకి చూస్తూ నిలబడింది.

"తొట్టిని గోడ దాకా కట్టిస్తే ఇది పడుతుందా?"

"పడుతుంది. కానీ నీ మంచం?"

"ముందు గదిలో వేయండి. కొనేవాళ్లు రాని షాపులో మంచానికి చోటుండదా?"

పక్క షాపాయన బావురుమన్నాడు.

"ఏడుపు తర్వాత" అంది అత్తయ్య. "ముందు తల వైపు పట్టుకో, జారిపోతోంది. మీరేంటి, సినిమాకొచ్చారా? తలో చెయ్యీ వేయండి!"

తమాషా చూడటానికొచ్చిన అందరం చేతులు వేశాం. నాకు తోక వైపు దక్కింది. గడప దాటుతుండగా అది ఒక్కటిచ్చింది, చెంప చెళ్లుమనేలా. అత్తయ్య పగలబడి నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ అలా నవ్వగా నేనెప్పుడూ వినలేదు. ఏడుస్తున్న పక్క షాపాయన కూడా ఆగలేక నవ్వేశాడు. మామయ్య ఒక్కడే నవ్వలేదు. "చేపకేం దెబ్బ తగల్లేదు కదరా?" అని అడిగాడు.