అర్థం కాలేదని చెప్పించిన నరహరి సార్

పోయిన నెల చివరి సోమవారం ఉదయం నరహరి సార్ పరమపదించారు. ఒకచోట పది నిమిషాలు కుదురుగా కూర్చోని మనిషి గురించి ఇంత స్థిరమైన మాట రాయవలసి వస్తుందని నేను అనుకోలేదు. పాల ప్యాకెట్ కోసం మెట్లు దిగుతూ మధ్యలో కూర్చున్నారట. కళ్లు తిరిగాయనలేదు, నొప్పి అనలేదు. ఊరికే కూర్చున్నారు. ఆయన కూర్చోవడం చూసే భార్య కౌసల్యమ్మగారికి గుండె జారిపోయిందట. డాక్టరు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ దిగ్భ్రాంతి నుంచి మా చిక్కడపల్లి గల్లీ ఇంకా తేరుకోలేదు.

సార్ నారాయణగూడలో ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. నేను వారి ఇంటి కింద మడిగెలో బట్టలు కుట్టే మల్లేశాన్ని. ఏడో తరగతితో బడికి సలాం కొట్టినవాణ్ని. ఇంతటి విద్వన్మూర్తికి నివాళి ఒక టైలర్ చేత రాయించడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నేనూ అదే అడిగాను. ఆయన పాండిత్యం గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారని, రోజూ తిట్లు తిన్నవాడు ఒకడు కావాలని మన కాలనీ సంఘం పెద్దలు సెలవిచ్చారు. ఆ అర్హతలో నాకు పోటీ లేదు.

సార్ నిలబడి కాదు, నడుస్తూ పాఠం చెప్పేవారు. ఇంట్లో చోటు చాలక మెట్లు దిగి వచ్చి, నా మడిగె ముందు అటూ ఇటూ తిరుగుతూ చెప్పేవారు. బట్ట మీద గీసుకునే నా నీలం సుద్దముక్క లాక్కుని షట్టర్ మీద లెక్క మొదలుపెట్టేవారు. ప్యాంట్ కోసం వచ్చిన గిరాకీలు ఆ లెక్క పూర్తయ్యేదాకా బయటే నిలబడాలి. "సార్, ఇది దుకాణమా, మీ బోర్డా?" అని ఒకసారి అడిగాను. "బోర్డే. నువ్వు దాని ఎనుక కిరాయికున్నవు" అన్నారు. సాయంత్రానికి సుద్ద ఆయన జేబులోకే చేరేది. ఉతికినప్పుడల్లా చొక్కా జేబులన్నీ నీలంగా తేలుతున్నాయని కౌసల్యమ్మగారు నా మీదే కేకలేసేవారు.

ఆ ఇంటి మేడ మీది గదిలోకి ఏడాదిన్నర కింద రత్తనా వచ్చింది. థాయ్‌లాండ్ పిల్ల. వాళ్ల సర్కారు ప్రతి ఏడూ పోటీ పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లను తన ఖర్చుతో పరదేశాల యూనివర్సిటీలకు పంపుతుందట. చదువు ముగిశాక తిరిగి వెళ్లి, చదివిన కాలానికి రెట్టింపు కాలం సర్కారు కొలువు చేయాలి. మధ్యలో తప్పితే స్కాలర్‌షిప్ రద్దు, ఇంటికి ప్రయాణం, ఖర్చంతా ఇంటివాళ్ల నెత్తిన. రత్తనా తండ్రి ఒక చిన్న ఊళ్లో బడిపంతులు. వాళ్ల జిల్లా నుంచి ఆ పరీక్ష నెగ్గిన మొదటి ఆడపిల్ల తనేనట. విద్యానగర్ అవతలి యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీలో చేరింది. కౌసల్యమ్మగారు మొదటిరోజే పేరును రత్నమ్మగా మార్చి, పప్పు వడ్డించారు.

పిల్లకు క్లాసులో ఇంగ్లీషులో చెప్పే పాఠాలు అందడం లేదని తెలిసి, సార్ సాయంత్రాలు తానే చెప్పడం మొదలుపెట్టారు. ప్రతి పాఠం చివర "అర్థమైందా?" అనేవారు. రత్తనా చేతులు జోడించి, చిరునవ్వుతో తల ఊపేది. ఆ నవ్వు చూసి సార్ మురిసిపోయేవారు. "నా సర్వీసుల ఇంత చురుకైన పిల్లను చూడలే, మల్లేశం" అన్నారు. మొదటి ఏడాది ఫలితాలు వచ్చాయి. ఆ చురుకైన పిల్ల అన్నిటికంటే ముఖ్యమైన పేపరులోనే తప్పింది. సప్లిమెంటరీలో కూడా తప్పితే స్కాలర్‌షిప్ ఆపేస్తామని వాళ్ల సర్కారు నుంచి కబురొచ్చింది.

ఆ రోజు సార్ నా మడిగె ముందు ఎన్ని చుట్లు తిరిగారో కాని, చూస్తున్న నాకే కాళ్లు నొప్పి పెట్టాయి. చివరికి మేడ మీదికి వెళ్లి పిల్లను నిలదీశారు. నిజం మెల్లగా బయటికి వచ్చింది. మొదటి వారం నుంచే ఆమెకు సగం అర్థం కాలేదు. వాళ్ల దేశంలో గురువుతో ‘అర్థం కాలేదు’ అంటే, నువ్వు సరిగా చెప్పలేదని మొహం మీద అన్నట్టేనట. పెద్దాయన మనసు నొప్పించలేక, ఏడాదంతా నవ్వుతూ తల ఊపింది.

సార్ కిందికి వచ్చి మొదటిసారి నా స్టూలు మీద ఒక్క క్షణం కూర్చున్నారు.

"నా మర్యాద కాపాడనీకి ఆ పిల్ల తన బతుకు పోగొట్టుకుంటున్నది. నేను చూడనే లేదు. అవునన్నోళ్లనే ఎక్కువ అనుమానించాలె, మల్లేశం."

"నన్ను రోజూ అనుమానిస్తనే ఉన్నరు గద సార్?"

"నువ్వు అవునన్నదెప్పుడురా!" అన్నారు. అంటూనే నా వంక అదోలా చూశారు. ఆ చూపుతోనే నాకు కొత్త కొలువు దొరికింది.

సార్ ఆలోచన ఇది. ఆ పిల్ల గురువు ముందు నోరు విప్పదు. కనుక ఆమెనే గురువును చేయాలి. శిష్యుడిగా సిగ్గులేని ఒక మొద్దు కావాలి. ఆయన నేర్పిన ప్రతి పాఠాన్నీ మరునాడు ఆమె నాకు చెప్పాలి. నేను అడ్డంగా ప్రశ్నలు వేయాలి. ఆమె చిక్కుకున్నచోట పైకి వెళ్లి, సార్‌తో నేరుగా ‘అర్థం కాలేదు’ అనాలి. ఆ మాట అనకుండా నవ్వుతూ వస్తే పాఠం లేదు. అప్పటిదాకా పిల్లకు టీ కూడా ఇవ్వొద్దని కౌసల్యమ్మగారికి ఆజ్ఞ.

మొదటి పాఠం సగటు. రత్తనా సగం ఇంగ్లీషు, సగం తెలుగు, మిగిలింది చేతులతో చెప్పింది. నేను టేపు మెడలో వేసుకుని విన్నాను.

"ఒకని నడుము ముప్పై. ఇంకొకనిది నలభై. సగటు ముప్పై అయిదు. అంతే గదా?"

"అంతే, మల్లేశన్న."

"ఆ లెక్కకు రెండు ప్యాంట్లు కుట్టిన అనుకో. ఒకనికి ఊడుతది, ఒకనికి ఎక్కది. ఇద్దరూ వచ్చి నన్ను కొడతరు. నీ సగటు వచ్చి నన్ను కాపాడుతదా, చెల్లె?"

రత్తనా నవ్వింది, అలవాటు ప్రకారం. తర్వాత నవ్వు ఆగిపోయింది. పుస్తకం మూసి, మెట్లెక్కి పైకి పోయింది. గుమ్మంలో నిలబడి, కళ్లు నేలకు దించి అన్నదట: "సార్, నాకు అర్థం కాలేదు." సార్ ఏమన్నారో నాకు తెలియదు. "కౌసల్యా, టీ పెట్టు! అర్థం కాలేదంట!" అని మార్కెట్ దాకా వినిపించేలా అరిచింది మాత్రం గల్లీ అంతా విన్నది. ఎవరికో పిల్ల పుట్టిందేమోనని ఎదురింటివాళ్లు అడిగారు.

అరగంటలో ఆమె దిగివచ్చి, సగటు ఒక్కటే తెలిస్తే చాలదనీ, ఒక్కొక్క నడుము సగటుకు ఎంత దూరముందో కూడా కొలవాలనీ నాకు విడమరిచి చెప్పింది. నాకు నిజంగా అర్థమైంది. అయినా కాలేదన్నాను. కొలువు కొలువే కదా.

అలా నెలలు గడిచాయి. సప్లిమెంటరీ రాతపరీక్ష అయింది. మౌఖిక పరీక్ష ఒక్కటే మిగిలింది. అది సార్ పోయిన ఆ సోమవారమే, పదకొండు గంటలకు.

సార్‌ను వాకిట్లో పడుకోబెట్టారు. రత్తనా మెట్ల మీద మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుంది. "నేను పోను" అంది. గురువు ప్రాణం పోయిన ఇంటి నుంచి శిష్యురాలు లేచి వెళ్లడం వాళ్ల దగ్గర మహాదోషమట. పోకపోతే స్కాలర్‌షిప్ పోతుందని అక్కడున్న అందరికీ తెలుసు. కౌసల్యమ్మగారు లేచి వచ్చి ఆ పిల్ల భుజం పట్టుకున్నారు.

"నువ్వు పోకుంటే ఆయన లేచి కూసొని తిడతడు బిడ్డా. ఇంతమందిల గా తిట్లు గావాల్నా? పో. నువ్వొచ్చేదాక ఆయనను కదలనియ్యను."

ముషీరాబాద్ నుంచి వచ్చిన సార్ తమ్ముడు ఎండ ముదురుతుందని గొణిగాడు. "ఆయన జిందగీల ఎవ్వరి కోసం ఆగలే. ఇయ్యాల ఆగుతడు" అన్నారావిడ.

రత్తనాను నా స్కూటర్ మీద తీసుకువెళ్లాను. ఆ యూనివర్సిటీ చెట్ల కింద అటూ ఇటూ తిరుగుతుంటే, చాయ్ అమ్మే ఆయన "కూసో అన్న, జర" అన్నాడు. కూర్చోలేకపోయాను. సార్ జీవితమంతా ఇలా ఎందుకు తిరిగారో ఆ గంటలో కొంత తెలిసింది. ఎవరో ఒకరి పిల్ల ఎప్పుడూ ఏదో ఒక పరీక్ష గది తలుపు వెనక ఉండేది.

రత్తనా బయటికి వచ్చింది. "ఎట్లయింది?" అన్నాను. "తెలియదు. ఇంటికి పోదాం" అంది. నల్లకుంట దగ్గర బస్సు అడ్డంగా ఆగిపోయింది. ఈలోగా పాడె ఎత్తేస్తారేమోనని ఆమె వెనక నుంచి నా చొక్కా గుంజుతూనే ఉంది.

ఎత్తలేదు. కౌసల్యమ్మగారు పాడె పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. రత్తనా చెప్పులు విడిచి, మోకాళ్ల మీద కూలబడి, నుదురు నేలకు ఆనించి ముమ్మారు నమస్కరించింది. తర్వాత సార్ మొహం వైపు తిరిగి, రోజూ పాఠం అప్పగించినట్టే మాట్లాడింది.

"సార్, నాలుగు ప్రశ్నలు అడిగారు. మూడు చెప్పాను. నాలుగోది అర్థం కాలేదు. అర్థం కాలేదని వాళ్లతో అన్నాను, సార్. మళ్లీ అడిగారు. అప్పుడు చెప్పాను."

ఆ మాట విని సార్ తమ్ముడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. కౌసల్యమ్మగారు లేచి, "ఇగ ఎత్తుండ్రి" అన్నారు.

పిల్ల పాసయింది. స్కాలర్‌షిప్ నిలిచింది. ఇంకో ఏడు చదివి వెళ్లి, వాళ్ల దేశంలో పెద్ద కొలువే చేస్తుంది. సార్ పంపిన శిష్యులు ఎన్నో ఆఫీసుల్లో ఉన్నారు. ఆయన కీర్తికి వాళ్లంతా సాక్ష్యం. కాని నిన్న సాయంత్రం రత్తనా కొత్త పుస్తకం పట్టుకుని నా మడిగెలోకి వచ్చింది. ఒక పేజీ తెరిచి, దాపరికం లేకుండా, తల ఎత్తి చెప్పింది.

"మల్లేశన్న, ఇది నాకు అర్థం కాలేదు."

ఇద్దరం మెట్ల వైపు చూశాం.

"నాకు గూడ కాలేదు, చెల్లె" అన్నాను. ఈసారి అది కొలువు కోసం అన్న మాట కాదు. అర్థం కాలేదన్న పిల్ల ఉంది, అర్థం కాని మొద్దూ ఉన్నాడు. అర్థమయ్యేదాకా తిరిగే మహానుభావుడు లేడు. ఆ పాదాలకు ఈ టైలర్ నమస్కారం.