మూడడుగుల లోతు

చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం పెదవికి తగలగానే నాకు తడిమట్టి వాసన వస్తుంది. ఇన్నేళ్లయినా అంతే. పక్కవాళ్లు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే, నాకు ప్రత్తిపాడు అవతల ఒక చేలో తవ్విన గొయ్యి, దాని అంచున మోకాళ్ల మీద కూర్చున్న వరలక్ష్మి మేడమ్ కనిపిస్తారు.

మేడమ్ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. 1980ల్లో గుంటూరులో తమ ఇంటి ముందుగదిలోనే మట్టి పరీక్షల లేబ్ పెట్టారు. పనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆవిడకు నోటి దురుసు ఎక్కువ. రైతు తువ్వాల్లో మట్టి మూటగట్టుకుని వస్తే "ఎంత లోతుదయ్యా?" అన్నదే మొదటి మాట. పత్తికీ మిరపకీ జానెడు లోతు మట్టి చాలు. ద్రాక్షకైతే మూడడుగులు తవ్వి, అడుగుకో పొట్లం తేవాలి. "నల్లరేగడి పైకి నిగనిగలాడుతుందయ్యా ప్రసాదూ. ఏరు ఎప్పుడో తెచ్చి కింద ఏం దాచిందో తవ్వితేగానీ తెలీదు" అనేవారు.

యోహాను వచ్చిన రోజు ఆవిడ ఊళ్లో లేరు. అతని రెండెకరాల పత్తి పురుగు పాలైంది. ఇక పందిరి వేసి ద్రాక్ష పెడదామనుకున్నాడు. "మొదటి కాపు మా గుడికేనండి. సీసా రసం కొనుక్కురాకుండా మా పళ్లతోనే బల్ల జరగాలండి" అన్నాడు. అతని మొహం వెలిగిపోతోంది. తెచ్చిన మూడు పొట్లాల్లోనూ ఒకే రంగు మట్టి, ఒకే పొడి. ఒకేచోట పైపైన గీకి మూడుగా కట్టాడని నాకు అనుమానం వచ్చింది. మళ్లీ తెమ్మంటే బస్సెక్కి పోయి రావాలి పాపం, అనుకున్నాను. నిజం చెప్పాలంటే బద్ధకించాను. పుస్తకంలో లోతు అన్నచోట ఒకటి, రెండు, మూడు అడుగులని నేనే రాసేశాను. అది నమ్మి మేడమ్ ద్రాక్షకు పనికొస్తుందని రాసి సంతకం పెట్టారు.

రెండేళ్లు తీగ బాగానే పాకింది. మూడో ఏడు, గుత్తులు పడే వేళకు ఆకుల అంచులు మాడి, తోటంతా ఎండిపోయింది. మేడమ్ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి గొయ్యి తవ్వించారు. రెండడుగుల కింద తెల్లటి సుద్ద, ఉప్పు. వేళ్లు అక్కడిదాకా వచ్చి, దిగలేక పక్కకు వంగి, నల్లబడిపోయాయి. ఆవిడ చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని ఉమ్మేసి, నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆవిడకు అర్థమైపోయింది.

"తప్పు నాదయ్యా యోహానూ. సంతకం నాదే కదా" అన్నారు, ఊరంతా చూస్తుండగా.

తిరుగు బస్సులో నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. మర్నాడు బోర్డు తీయించేశారు. నాకు మరోచోట పని కూడా ఆవిడే చూసిపెట్టారు. తను చనిపోయేదాకా ఆ ఊసెత్తలేదు.

యోహాను పొలం అమ్ముకుని మిరప యార్డులో బస్తాలు మోసేవాడు. మేడమ్ పోయిన ఏడాదికి అక్కడ కనిపించాడు. ఘాటుకు దగ్గుతూనే నా చెయ్యి పట్టుకున్నాడు. "మీరేం చేస్తారు బాబూ, తప్పు తనదేనని అమ్మగారే ఒప్పుకున్నారు గదా" అన్నాడు. ఒక్క నిజం చెబితే ఆవిడ పేరు నిలబడేది. నేను "అవునండీ" అన్నాను.

గిన్నె అందుకునే ముందు ఎవరి మనసు వాళ్లు పరీక్షించుకోమంటారు పాస్టరుగారు. నేను ఇప్పటికీ పైపైన గీకి చూసుకుని, తాగేస్తాను.