లాగుడు పడవ మీద నేను గెలిచిన బేరం

నా జన్మలో గెలిచిన బేరాల్లోకెల్లా గొప్పది నేను కొచ్చిలో, నీళ్ల మీద, లాగుడు పడవ వెనక భాగాన నిలబడి గెలిచాను. కొత్తగా పనిలోకి వచ్చినవాడు మొదటి వారం కూలి లేకుండా పక్కన నిలబడి పని చూసి నేర్చుకోవాలన్నది ఆ పడవల మీద పాత కట్టుబాటు. మా బావ విషయంలో ఆ వారాన్ని నేను వట్టి మాటలతో ఎగరగొట్టేశాను. మొదటి పొద్దు నుంచే నిండు కూలి! మా నాయన చూసి ఉంటే గల్లాపెట్టె తాళంచెవి అప్పుడే నా మొలకు కట్టేవాడు. అంత తెలివితక్కువ పని నేను మళ్లీ చెయ్యలేదు. చేద్దామన్నా అంత పెద్ద అవకాశం మళ్లీ రాలేదు.

కోయంబత్తూరులో మిల్లు గేటుకు ఎదురుగా మాది మళిగ కడ, అంటే పచారీ కొట్టు. మా పెద్దలు తెలుగు సీమ వదిలి ఎప్పుడు వచ్చారో, ఎందుకు వచ్చారో చెప్పగలవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. భాష మాత్రం మిగిలింది. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం, గల్లాపెట్టె దగ్గర రెండూ కలిపి. మా అక్కను ఇచ్చింది ఉడుమలైపేట పక్కన సేద్యం చేసుకునే ఇంటికి. పెళ్లయ్యాక బావ నాగలి వదిలి మిల్లులో చేరాడు. నూలు వడికే యంత్రం ముందు నిలబడి, తెగిన పోగును తిరుగుతున్న కదురు దగ్గరే పట్టుకుని అతికే పని. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక్క మెలిక వేస్తే పోగు ఎక్కడ తెగిందో మళ్లీ కనపడేది కాదు. మిల్లు మేస్త్రి కొత్తవాళ్లను పిలిచి, ఆయన వేళ్లు చూడండిరా అని చూపించేవాడు.

ఒక ఏడు కూలి తగాదాలో ఆ మిల్లు మూసేశారు. గేటుకు తాళం పడితే మా కొట్టుకూ పడ్డట్టే. అరువు అడిగే మొహాలే తప్ప సరుకు అడిగే మొహాలు లేవు. ఊళ్లో మిగతా మిల్లులు నడుస్తున్నాయి, వాటికి కొచ్చి రేవులో పత్తి దిగుతూనే ఉంది. ఓడ దగ్గర నుంచి పత్తి బేళ్లను సరుకు పడవల్లోకి ఎక్కించి, ఆ పడవల్ని ఒకదాని వెనక ఒకటి కట్టి, ముందు ఇంజను పడవతో లాగించి, ఏటికి ఎదురుగా రైలు గిడ్డంగి దాకా చేర్చే కాంట్రాక్టరు ఒకడుండేవాడు. బేళ్లు సరిచూసే మనిషి కావాలన్నాడని తెలిసి నేను కుదిరాను. నాతో పాటు బావనూ లాక్కుపోయాను.

పోదనూరు స్టేషనులో అక్క కిటికీ ఊచలు పట్టుకుని నాకొక్కటే చెప్పింది.

"ఆయన చేతులు జాగర్త రా తంబి. మిల్లు తెరిస్తే ఆ చేతులు చూసే లోనికి విడుస్తారు. అది పోతే మాకు వేరే గతి లేదు."

"పడవ మీద పని అంటే నీళ్లు చూస్తా కూర్చోవడమే అక్కా" అన్నాను. అప్పటికి పడవను నేను రెండుసార్లు చూసి ఉంటాను, అదీ క్యాలెండరు బొమ్మల్లో.

పడవ చిన్నది, ఇంజను పెద్దది. మధ్యలో మిగిలిన చోటే మా కాపురం. ఇంజను పైన పలకల మీద పడక. వీపు కింద నుంచి సెగ, ముఖం మీద దోమలు. చమురు మసి అన్నంలోనూ ఉండేది, ఉమ్మిలోనూ ఉండేది. చుట్టూ ఎటు చూసినా నీళ్లు, తాగడానికి మాత్రం ఒక్క కుండ. ఉప్పునీటితో కడుక్కుంటే చర్మం మీద తెల్లటి పొర కట్టేది. గట్టు వెంబడి పీచు కోసం కొబ్బరి డొక్కలు నీళ్లలో నానేసేవారు. ఆ కుళ్లు కంపు పడవను అంటిపెట్టుకుని వచ్చేది. బేళ్ల మీద పడుకుంటే మెత్తగా ఉంటుందని మొదటి రాత్రి ఎక్కాను. అంతకుముందే ఎక్కిన ఎలుకలు నన్ను దింపేశాయి.

ఆ పడవకు పెద్ద స్రాంగు. చుక్కాని పట్టేదీ ఆయనే, తిట్టేదీ ఆయనే. మలయాళీ, ముసలివాడు, మాతో తమిళం కలిపి మాట్లాడేవాడు. బావను కిందా మీదా చూసి, "మొదటి వారం కూలి లేదు. పక్కన నిలబడి చూడాల. మా మాటలు చెవికి ఎక్కాల" అన్నాడు.

నాకు చెయ్యి దురద పుట్టింది. బేరం వాసన తగిలితే అది మా వంశంలో ఉన్న జబ్బు.

"మాటలకేముందన్నా? మలయాళం తమిళానికి చెల్లెలే కదా. తమిళం మాకు తాతల నించి వస్తాది."

"చెల్లెలైనా మొగుడు వేరు కదా, కడకారా."

కడకారుడంటే కొట్టువాడు. పడవ మీద నాకు అదే పేరు.

"ఈయన మిల్లులో వెంట్రుక లాంటి పోగును పట్టినోడు. చెయ్యంత లావుండే మీ మోకు ఈయనకొక లెక్కా? పని తెలిసినోడన్నా ఈయన. నేను చెప్తుండా కదా."

స్రాంగు బీడీ ఆర్పి చెవి మీద దోపుకున్నాడు. "సరి. నిండు కూలి. ఎవరన్నా అడిగితే, పని తెలిసినోడని కడకారుడు చెప్పినాడంటా."

పక్కకు వచ్చాక బావ మెల్లగా అన్నాడు. "ఒక వారమే కదరా. చూస్తా ఉంటే ఏమి పోతాది?"

"కూలి పోతాది బావా."

"వాళ్ల మాట సగం నాకు తెలీలేదురా."

"తెలీని మాట వస్తే మన మాట అనుకో. కడలో నేను అట్లనే కదా నెట్టుకొస్తుండా. నూటికి తొంభై సరిపోతాది."

అది నేను ఆయనకు నేర్పిన విద్య మొత్తం.

బావ పని పడవ వెనక అంచున. అక్కడ ఒక ఇనుప గుంజ, దానికి చుట్టిన మోకు, ఆ మోకు కొసన బరువు పడవలు. స్రాంగు చెప్పినప్పుడు గుంజ మీద చుట్లు సడలించి మోకు వదలాలి, చెప్పినప్పుడు ఆపాలి. కొన్నాళ్లు బాగానే గడిచింది. అరచేతులు ఒరుసుకుపోతే కొబ్బరినూనె రాసుకునేవాడు. పొద్దుగూకినాక కూర్చుని, పోగు అతికే వేళ్లను ఒకటొకటిగా సాగదీసుకునేవాడు, మొద్దుబారుతాయేమోనని.

"మిల్లు తెరిచేలోగా ఇవి నన్ను మరిచిపోతాయో ఏమో" అని నవ్వేవాడు.

ఆ మధ్యాహ్నం మేం ఏరు ఉప్పునీటిలో కలిసేచోటికి వచ్చాం. సముద్రం వెనక్కి లాగుతోంది, నీళ్లు తగ్గుతున్నాయి, పక్కన ఇసుక మేట తేలుతోంది. మలుపు దగ్గర మోకు పొడుగ్గా వదిలితేనే వెనక పడవలు దూరంగా తిరిగి వస్తాయి. బావ వదులుతున్నాడు. నేను ఇంజను గది కప్పు మీద ఎక్కి బేళ్ల మీది గుర్తులు చూసుకుంటున్నాను. వెనక వరసలో మొదటి సరుకు పడవ మేట వైపు జారడం చూసి స్రాంగు దాని మీద గెడ వేసేవాళ్లకు గొంతు చించుకుని అరిచాడు.

"చాల్! చాల్!"

నేనూ విన్నాను. అబద్ధమెందుకు, నాకూ ఆ మాట మన మాటగానే వినపడింది. కొట్టులో నూనె కొలిచేటప్పుడు రోజంతా వినే మాట. చాలు అంటే పోసే చెయ్యి ఆగాలి. బావ చెయ్యి ఆగింది. వదులుతున్న మోకును ఆపి, గుంజకు ఇంకొక చుట్టు వేసి, గట్టిగా అదిమి పట్టాడు. పడవ ముందుకు దూకింది, వెనక బరువు కదల్లేదు. నీళ్లలోంచి మోకు తుంపర చిమ్ముతూ లేచి ఇనుప కడ్డీలా బిగిసింది. ఆయన కుడి చెయ్యి గుంజకూ మోకుకూ మధ్యన ఉండిపోయింది.

బావ అరవలేదు. నా వైపు చూశాడంతే, ఏదో అడగబోయినట్టు. అరిచింది నేను. స్రాంగు ఇంజను ఆపి, గొడ్డలి తెచ్చి మోకు నరికాడు. వెనక పడవలు వాటంతటవే పోయి మేట ఎక్కాయి.

ఆసుపత్రిలో బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తీసేశారు. స్రాంగు వరండాలో నేల మీద కూర్చుని నాకు పాఠం చెప్పాడు, కూలి లేని వారంలో చెప్పవలసిన పాఠం.

"చాల్ అంటే లోతు నీళ్ల దారిరా. పడవ నడిచే దారి. దారికి తిప్పండిరా అని గెడ వేసేటోళ్లకి అరిస్తిని. నీ బావ ఎందుకు ఆపినాడు?"

నేను చెప్పాను. ఆయన తల పట్టుకుని, "వారం నిలబడుంటే పొద్దుకి వందసార్లు వినుండును" అన్నాడు.

లోపలికి పోయి బావకు అదే చెప్పాను. ఆయన పైకప్పు వైపు చూస్తూ అన్నాడు.

"మా ఊర్లో కూడా చాలంటే నాగలి పోయే దారి కదరా. చాలు తప్పొద్దు, చాలు తప్పొద్దు అని మా అబ్బ నా ఎనకాలే అరుస్తా వచ్చేవాడు. ఆ చాలు అనుకోనుంటే నా ఏళ్లు మిగిలుండును. నాకు నీ కడ చాలే గ్యాపకమొచ్చింది."

తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు జవాబు చెప్పుకునే వీలుండేది.

రెండు రోజుల తర్వాత కాంట్రాక్టరు మనిషి వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. పరిహారం మాట ఎత్తగానే, "పని తెలిసినోడని నువ్వే చెప్పినావంట కదా? కొత్తోడైతే మా బాధ్యత. తెలిసినోడు అజాగర్తగా ఉంటే మేమేం చేసేది?" అన్నాడు. బావ కొత్తవాడు, ఏమీ తెలియనివాడు, మా మాటలకు మీ మాటలకు తేడా తెలియనివాడు అని నేను బతిమాలాను. నేను అమ్మిన సరుకును నేనే తిరిగి కొనబోయాను. అటువైపు అమ్మడానికి ఎవరూ లేరు. ఇద్దరికీ రైలు ఛార్జీలు, బావకొక కొత్త వేష్టి పంచె ఇచ్చి వెళ్లిపోయాడు.

వానలు వెలిశాక మిల్లు తెరిచారు. బావ కుడి చెయ్యి తుండుగుడ్డ కింద దాచుకుని గేటు దగ్గర వరసలో నిలబడ్డాడు. ముందు ఆయన వేళ్లు అందరికీ చూపించిన మేస్త్రే, పాత నేస్తం కదాని, లోపలికి తీసుకుపోయి ఒక యంత్రం ముందు నిలబెట్టాడు. ఎడమచేత్తో పట్టబోతే పోగు జారింది. మళ్లీ పట్టబోయాడు. పక్క పోగులూ తెగడం మొదలయ్యాయి. మేస్త్రి వాటిని తానే అతికి, మొహం చూడకుండా, "పోయి రా అన్నా" అన్నాడు.

మరుసటి వారం అక్క పోయింది మిల్లుకు, నూలు చుట్టే విభాగానికి. బావ ఇంట్లో పిల్లలకు ఎడమచేత్తో అన్నం కలిపి పెట్టడం నేర్చుకున్నాడు. మొదట్లో వాళ్లు ఆ చేతి అన్నం వద్దని ఏడ్చేవారు.

ఇక లెక్క. రాబడి వైపు, వారం కూలి. ఆ డబ్బుతో అక్క బియ్యం కొంది, అదీ మా కొట్టులోనే, కాబట్టి అందులో లాభం మా పెట్టెలో పడింది. ఖర్చు వైపు, కుడి చేతి మూడు వేళ్లు, మిల్లులో ఒక మగవాడి చోటు, ఆ చోటు నింపడానికి పోయిన ఆడమనిషి రొమ్ములో ఏళ్ల తరబడి చేరిన నూలు దుమ్ము, ఆ దగ్గుతోనే ఆమె పోవడం. ఆ ఖర్చంతా వాళ్లిద్దరిదే. నా వైపు ఏమైనా ఉందేమోనని చాలాసార్లు వెతికాను. కొట్టు పెరిగింది, ఇల్లు కట్టాను, పది వేళ్లూ ఉన్నాయి. పోయిందల్లా కొచ్చి నుంచి పోదనూరుకు ఒక రైలు టిక్కెట్టు. అదీ కాంట్రాక్టరు మనిషే ఇచ్చాడు.