ఖాళీ కుర్చీ నుంచి రసీదులు

ఫ్యాక్టరీ ఆఫీసులో మెయిల్ ప్రోగ్రాములు బాగుచేసే ఆమెను అందరూ మెయిలక్క అంటారు. గోదాము తగలబడిన నాటి నుంచి అక్కడి గుమస్తా కనబడలేదు. ఆ రోజు అతడు డ్యూటీకే రాలేదని తేల్చేసిన యాజమాన్యం, బూడిద ఎత్తించే పనిలో పడింది.

"నేను మెయిల్ పెట్టిన ప్రతిసారీ చదివినట్టు రసీదు వస్తోందక్కా. ఆయన బతికే ఉన్నాడు," అంది అతడి భార్య.

మెయిలక్క ఆఫీసులో అతడి కంప్యూటర్ దగ్గరికి వెళ్లి చూసింది. ఖాళీ కుర్చీ ఎదుట వెలుగుతున్న తెరపై ఆ భార్య కొత్త మెయిల్ దానంతటదే తెరుచుకుంది, రసీదు వెళ్లిపోయింది. మెయిలక్క సెట్టింగులు తెరిచి చూసింది. తెరపై పక్కన చూపించే ప్రివ్యూలో కనబడిన ప్రతి మెయిల్‌కూ, అడగకుండానే రసీదు పంపేలా అతడే ఎప్పుడో సెట్టింగు పెట్టుకున్నాడు.

"ఈ కంప్యూటర్‌ని ఎవరు తెరిచారు?" అని కాపలాదారుని అడిగింది.

"ఆయన పాస్‌వర్డ్ మాకేం తెలుసు తల్లీ! మంటల ముందురోజు సాయంత్రం కంప్యూటర్లన్నీ నేనే ఆపాను. ఇప్పుడు దయ్యం డ్యూటీ చేస్తోందని ఎవరూ ముట్టుకోవడం లేదు."

డ్యూటీకి రానివాడు పాస్‌వర్డ్ కొట్టలేడు.

"రసీదులు పంపేది యంత్రమే చెల్లీ. కానీ మంటలు లేచిన రోజు ఉదయం దాన్ని తెరిచింది మాత్రం మీ ఆయనే," అని మెయిలక్క ఫోనులో చెప్పింది.



"అయితే ఆ బూడిదను ఎవరినీ ఎత్తనివ్వకక్కా. నేను వస్తున్నాను."